కదలని కావలి

నమోదు 1. జ్యేష్ఠం, మూడో రోజు

ఈ పుస్తకం తెప్పలపాడు రేవు ఆట జట్టుది. రాసేది జట్టు కార్యదర్శి సోమేశం, అంటే నేను. ఊరి ఆటుపోట్ల పట్టిక వేసేదీ నేనే, ఊరి రేడియో చూసేదీ నేనే. ఊళ్లో చదువుకున్నవాడు ఒకడుంటే అన్నీ వాడి నెత్తినే పడతాయి.

పొద్దున ఉత్తరం వైపు గొలుసులు చూశాం. మూడో గొలుసుకి నత్తలు పట్టేశాయి, గీకించాలి. నిన్నటి వానకి తొట్లు నిండాయి. ఈ వారం మంచినీళ్ల మిషను తొక్కే వంతు ఎవరికీ లేదు. నాలుగు వందల పది ఇళ్లు పండగ చేసుకుంటున్నాయి.

వచ్చే వారం లీగ్ మొదలు. తొమ్మిది తేలే ఊళ్లు, ఊరికి ఎనిమిది ఆటలు. మా తాతల కాలంలో తుపాన్ల ముందు లంగరు చోటు కోసం పడవలెక్కి కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు కుర్చీల్లో కూర్చుని కళ్లజోళ్లు పెట్టుకుని, తెర మీద మన బదులు తిరిగే బొమ్మలతో కొట్టుకుంటున్నాం. నెగ్గిన ఊరికి అలల్ని ఆపే రాతిగోడ పక్కన చోటు. ఆఖరి ఊరికి అందరికన్నా బయట, సముద్రం వైపు. నిరుడు మాది ఆరో చోటు.

జట్టు: సఫియా, గవరయ్య, మల్లేశు, లోవరాజు, హైమవతి. జట్టు పెద్ద సఫియా. కావలి హైమవతి.

మార్పులు: లేవు.

హైమవతి నా భార్య. చైత్రం ఆఖర్లో చనిపోయింది.

జట్టులోంచి పేరు కొట్టేయాలంటే ఇంటివాళ్లు లీగ్ ఫారం మీద వేలిముద్ర వేయాలి. కారణం సొంత మాటల్లో రాయాలి. దాన్ని తొమ్మిది ఊళ్ల మైకుల్లోనూ చదువుతారు. ఏ ఊరి మైకులో చదివేది ఆ ఊరి రేడియో మనిషి. పేరు కొట్టేస్తే తప్ప కొత్త మనిషిని తీసుకోవడానికి లేదు.

ఈ పుస్తకంలో రాయగలిగాను. ఆ ఫారంలో రాయలేకపోయాను.

జట్టుకి చెప్పాను. "తొందరేముంది బాబాయ్," అంది సఫియా. మిగతా ముగ్గురూ తమ తమ ఆట చేతి తొడుగులు చూసుకున్నారు. నలుగురితోనే ఆడతారు.

నమోదు 2. జ్యేష్ఠం, పన్నెండో రోజు. మొదటి ఆట

గెలిచాం. ఎలా గెలిచామో రాయాలి.

ఆటలో మూడు రేవులుంటాయి. రెండింటికి తమ పడవ చేర్చినవాళ్లు నెగ్గినట్టు. మూడో రేవు మడ అడవిలో ఉంటుంది. దాన్ని కాసేది కావలి. సముద్రం మీద లైను ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి, లైను పోయిన ఆటగాడి బొమ్మను లీగ్ వాళ్లు తీసేయరు. ఎక్కడ ఆగితే అక్కడే నిలబడి ఉంటుంది. బొమ్మ ఉంటే మనిషి ఉన్నట్టే అని నియమం.

హైమవతి బొమ్మ పోయినేడాది ఆఖరి ఆట ముగిసిన చోటే, మడచెట్ల మధ్య మోకాల్లోతు బురదలో నిలబడి ఉంది.

ఆరేళ్ల కిందట ఒక ఆటలో ఆమె నలభై నిమిషాలు కదల్లేదు. తర్వాత మూడు పడవలు ముంచింది. అప్పట్నుంచీ ఏ ఊరి జట్టూ ఇద్దరికి తక్కువగా ఆ రేవు వైపు పోదు. ఇవాళా ఇద్దరు వచ్చారు. ఏటి మలుపులో నక్కి, ఆట అయ్యేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నారు. మిగతా రెండు రేవుల్లో మా నలుగురికీ వాళ్లు ముగ్గురు.

"చూశావా బావా!" అన్నాడు గవరయ్య. "అక్క వేలు కదపకుండా ఇద్దర్ని ఆపింది. నేను చెమటలు కక్కి ఒక్కణ్ణి ఆపలేకపోయా."

"నువ్వు కక్కిన చెమటకి పడవ తేలింది మావా, అదీ సాయమే," అన్నాడు లోవరాజు.

ఆమె చనిపోయిందని బయటి ఊళ్లకు తెలియదు. తెప్పలపాడు నుంచి కబురు బయటికి పోవాలంటే నా రేడియో మీదుగానే పోవాలి. సరుకుల పడవవాళ్ల దగ్గర ఊళ్లో ఎవరూ ఈ మాట ఎత్తలేదు.

నమోదు 3. ఆషాఢం, నాలుగో రోజు. రెండో ఆట

ఓడాం. కారణం: అన్నదమ్ములు. ముందు కుడి తెడ్డా, ఎడమ తెడ్డా అని మల్లేశు, లోవరాజు ఏటి మధ్యలో పంచాయితీ పెట్టారు. తీర్పు వచ్చేలోపు పడవ తిరగబడింది.

లీగ్ నమోదు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి గుమాస్తా పేరు రాయడు, అ.వె. అని పొడి అక్షరాలు పెడతాడు.

"తెప్పలపాడు కార్యదర్శి గారికి. మీ కావలి రెండు ఆటల్లోనూ కదల్లేదని ఫిర్యాదు అందింది. సంజాయిషీ తెలుపగలరు."

రాశాను: "కావలి కదలాలన్న నియమం ఎన్నోదో తెలుపగలరు."

సాయంత్రానికి జవాబు: "అలాంటి నియమం లేదు. ఫిర్యాదు మూసివేశాం."

సఫియా నా భుజం మీద తట్టింది. తప్పు చేస్తున్నామని ఇద్దరికీ తెలుసు. తను నవ్వింది కూడా.

నమోదు 4. ఆషాఢం, ఇరవయ్యో రోజు. మూడో ఆట

గవ్వలపేట మీద గెలిచాం. వాళ్లు ఈసారి తెలివి చూపించారు. ఇద్దర్ని కాకుండా ఒక్కణ్ణే పంపారు, కానీ ఆ ఒక్కడికీ వేరే పని పెట్టలేదు. అతని పేరు దానియేలు. కొత్త కుర్రాడేం కాదు, ముప్పై దాటినవాడు. ఆమెకి పది బారల దూరంలో, ఎదురుగా, డెబ్బై నిమిషాలు నిలబడ్డాడు. ఆమె ఎంత కదల్లేదో అతనూ అంతే కదల్లేదు. ఒక్కసారి మాత్రం మోచెయ్యి గోక్కున్నాడు.

ఆట తెర మీద వాళ్లిద్దర్నీ చాలాసేపు చూశాను. జట్టు గెలిచిన సంగతి గవరయ్య కేక వేస్తే తెలిసింది.

నమోదు 5. శ్రావణం, ఎనిమిదో రోజు

ఫారం నింపాను. కారణం: "సెలవులో ఉన్నారు."

జవాబు: "ఎన్ని రోజులు? అ.వె."

చించేశాను.

మూడో గొలుసు గీకడం అయింది. గంపెడు నత్తలు వచ్చాయి. సఫియా వాళ్లమ్మ పులుసు పెట్టి ఒక గిన్నె పంపింది. కారం ఎక్కువ. తిన్నాను.

నమోదు 6. శ్రావణం, పదకొండో రోజు. నాలుగో ఆట

ఓడాం.

అవతలి జట్టులో ఒకడు ఏటి మలుపులో కాలుజారి, బురదలో కొట్టుకుపోయి, తిన్నగా వెళ్లి హైమవతికి గుద్దుకున్నాడు. చచ్చాననుకుని కళ్లు మూసుకున్నాడు. ఏమీ కాలేదు. కళ్లు తెరిచాడు. ఆమె మొహం ముందు చెయ్యి ఆడించాడు. తర్వాత మిగతావాళ్లని పిలిచాడు.

వచ్చారు. చుట్టూ తిరిగి గంతులేశారు. ఒకడు చేపల గంప తెచ్చి ఆమె తల మీద బోర్లించాడు.

అప్పటికి రెండో రేవు మాది కాబోతోంది. గవరయ్య పడవ గట్టుకి ఇరవై బారల్లో ఉంది. తెడ్డు పడేసి నీళ్లలోకి దూకాడు. ఈదుకుంటూ మూడో రేవుకి పోయి, ఐదుగురి మధ్యలోంచి దూరి, గంప తీసి అవతలకి విసిరాడు. వాళ్లు అతన్ని ముంచేశారు. పడవ కొట్టుకుపోయింది. ఆట పోయింది.

కళ్లజోడు తీశాక సఫియా అతని మీద విరుచుకుపడుతుందనుకున్నాను.

"గంపేనా మావా, ఇంకేమైనా పెట్టారా?" అంది.

"గంపే."

"సరే."

గవరయ్య నా వైపు చూడలేదు. "ఇరవై బారలే బావా. ఈసారి చూసుకుందాంలే," అన్నాడు.

నమోదు 7. భాద్రపదం, రెండో రోజు

ఐదో ఆట ఓడాం. ఇప్పుడు మూడో రేవుకి ఒక్కడే వస్తున్నాడు, అదీ ఈలవేసుకుంటూ. మిగతా రెండు రేవుల్లో మా నలుగురి మీద నలుగురు. వాళ్లకి కష్టపడకుండా ఒక రేవు దక్కుతోంది.

ఫారం. కారణం: "అందుబాటులో లేరు."

జవాబు: "ఎక్కడ ఉన్నారో తెలుపగలరు. అ.వె."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. అ.వె. దగ్గర ఉంటుందనీ అనుకోను.

నమోదు 8. భాద్రపదం, ఇరవై ఒకటో రోజు

ఆరో ఆట ఓడాం. ఫారం. కారణం: "ఆరోగ్యం."

జవాబు: "వైద్యుల పత్రం జతచేయండి. కోలుకునే తేదీ రాయండి. అ.వె."

నీళ్ల తొట్టి దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్లు నన్ను చూసి మాటలాపారు. ఒకావిడ మాత్రం ఆపలేదు. పిల్లల తల్లి. "బయటి లంగరు పడితే మా ఇల్లు అంచునే అన్నగారూ," అంది. కోపంగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

నమోదు 9. ఆశ్వయుజం, ఐదో రోజు

ఏడో ఆట ఓడాం. మాకు రెండు గెలుపులు. ఉప్పుకొట్టాం ఊరికీ రెండే. ఎనిమిదో ఆట మాకూ వాళ్లకూ. ఓడినవాళ్లు ఆఖరు.

జట్టు మార్పులకు గడువు పన్నెండో రోజు సాయంత్రం.

సఫియా వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నలుగురితో లాగేస్తాం బాబాయ్."

"లాగలేరు."

"లాగలేం," అని ఒప్పుకుంది. "అయినా మేం అడగం. అది చెప్పడానికే వచ్చా."

నమోదు 10. ఆశ్వయుజం, పదకొండో రోజు

పొద్దున సరుకుల పడవలో ఒకాయన దిగాడు. సంచీ, గొడుగు. గొలుసు దగ్గర నేను నీటిమట్టం రాసుకుంటున్నాను.

"హైమవతి గారిల్లు ఎటండీ?"

"మీరెవరు?"

"దానియేలండి. గవ్వలపేట. మొన్నటిదాకా అక్కడ ఆడేవాణ్ణి. పీకేశారు."

"ఎందుకు?"

"బొమ్మకి కాపలా కాసినోడు మాకెందుకన్నారండి. గంప సంగతి ఊరూరా తెలిసిపోయిందిగా. నేను సంతకెళ్తే పిల్లలు నా ఎదురుగా కదలకుండా నిలబడుతున్నారు. ఆవిణ్ణి ఓసారి చూసిపోదామని వచ్చా. తిట్టడానికో, దండం పెట్టడానికో పడవలో తేల్చుకుందామనుకున్నా. తేలలేదు."

ఇంటికి తీసుకొచ్చి టీ ఇచ్చాను. భర్తనని చెప్పాను. అతను లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. ఆగకుండా మాట్లాడే మనిషి.

"నెల్రోజులు ఆవిడ పాత ఆటలే చూశానండి. ఆవిడ ఎడమకాలి మీద బరువేసి నిలబడతారు, గమనించారా? ఆ డెబ్బై నిమిషాలూ నాకు ఒళ్లంతా దురదే. ఆవిడకి లేదు. ఆరేళ్ల కిందటి ఆ నలభై నిమిషాలైతే మా ఊళ్లో కొత్తోళ్లకి పాఠంగా చెబుతారు. ఓపికంటే అదీ అని."

"నిద్రపోయింది," అన్నాను.

"ఎవరండీ?"

"హైమవతి. ఆ రోజు. అంతకు ముందు రెండు రోజులు గొలుసు తెగి ఊరంతా జాగారం చేసింది. కుర్చీలో కూర్చుంది, కళ్లజోడు పెట్టుకుంది, నిద్రపోయింది. నేను పక్కనే ఉన్నాను. లేపాల్సింది. బాగా అలిసిపోయి ఉంది. లేపలేదు."

"మరి ఆ మూడు పడవలు?"

"మెలకువ వచ్చేసరికి ఎదురుగా ఉన్నాయట."

దానియేలు నవ్వడం మొదలుపెట్టాడు. టీ పొలమారింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. ఈ సంగతి ఆరేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆమె చెప్పనివ్వలేదు.

"అయితే ఈ ఏడూ నిద్రేనాండీ?" అన్నాడు నవ్వుతూనే.

"కాదు. చైత్రంలో చనిపోయింది."

కప్పు కింద పెట్టాడు. బయట ఎవరో తొట్టి కడుగుతున్నారు.

"అయితే నేను పోయినావిడకి భయపడి పని పోగొట్టుకున్నానండీ?"

"అవును. తప్పు నాది."

ఆలోచించాడు. "పర్లేదులెండి. ఆవిడ బతికుండగా భయపడి పోగొట్టుకున్నోళ్లు మా ఊళ్లో నలుగురున్నారు."

మధ్యాహ్నం అన్నం తిన్నాడు. కంచం తనే కడిగాడు. సాయంత్రం పడవకి పోతానని సంచీ తీసుకున్నాడు. మా జట్టులో చోటు అడగడానికే వచ్చి ఉంటాడని నాకు అప్పుడు తోచింది. ఆమె పోయిందని తెలిశాక అడగలేకపోతున్నాడు.

"కూర్చో," అన్నాను. ఫారం తీశాను.

నమోదు 11. ఆశ్వయుజం, పన్నెండో రోజు

జట్టు మార్పులు: ఒకటి.

కొట్టేసిన పేరు: హైమవతి, కావలి.

కారణం: "నా భార్య హైమవతి చైత్రం ఇరవై ఎనిమిదో రోజున చనిపోయింది. ఈ ఏడాది ఆడిన ఏడు ఆటల్లో ఆమె లేదు. సోమేశం."

చేర్చిన పేరు: దానియేలు.

గంటలో జవాబు వచ్చింది. "నమోదు చేశాం. ముందు పంపిన మూడు ఫారాలూ ఇక్కడ కనిపించడం లేదు. వెతకం. అ.వె."

ఐదింటికి రేడియో గదిలో కూర్చుని మైకు ఆన్ చేశాను. ఆటుపోట్లు చదివాను. నీళ్ల తొట్ల వంతులు చదివాను. తర్వాత లీగ్ ప్రకటన చదివాను. రెండు వాక్యాలే కదా, చదివేశాను. ఆపాక నీళ్ల మీదుగా పక్క ఊరి మైకు వినిపించింది. వాళ్లు నాకన్నా నెమ్మదిగా చదివారు. దాని వెనక ఇంకో ఊరు. ఎనిమిది గొంతులూ ఒకదాని వెనక ఒకటి అయిపోయేదాకా కూర్చున్నాను.

ఆరింటికి గవ్వలపేట శిక్షకురాలు సత్తెమ్మ రేడియోలో పిలిచింది. "మోసగాడివయ్యా నువ్వు," అంది. తర్వాత కాసేపు గరగరే వినిపించింది. "ఆ తల్లి మా వాళ్లని ఆరేళ్లు ఏడిపించింది. ఇవాళా ఏడిపించింది. ఉంటా."

ఆట తెర తెరిచి చూశాను. మడచెట్ల మధ్య ఎవరూ లేరు.

నమోదు 12. ఆశ్వయుజం, పద్నాలుగో రోజు

దానియేలు కావలిగా పనికిరాడు. కదలకుండా నిలబడ్డం జన్మలో ఇంక తనవల్ల కాదన్నాడు. సాధనలో పావుగంటలో మూడుసార్లు గోక్కున్నాడు, రెండుసార్లు పాడాడు.

"నువ్వు నిలబడొద్దు, పరిగెత్తు," అంది సఫియా. "మూడో రేవు వదిలేద్దాం. ఐదుగురం రెండు రేవులకే పోదాం."

"కావలి లేని జట్టేంటమ్మా?" అన్నాడు గవరయ్య.

"ఇన్నాళ్లూ మనది అదేగా మావా."

ఎవరో నవ్వారు. నేనే.

నమోదు 13. ఆశ్వయుజం, పదిహేనో రోజు. ఎనిమిదో ఆట

గెలిచాం.

మూడో రేవు తెరిచే ఉంది. ఉప్పుకొట్టాం వాళ్లు నేరుగా పడవ తోసుకుపోతే ఐదు నిమిషాల పని. మనిషి పోయిందని వాళ్ల మైకులోనూ చదివారు. బొమ్మ లేదని కళ్లతో చూశారు. అయినా ఏటి మలుపు దగ్గర ఆగిపోయారు. నువ్వు పోరా అంటే నువ్వు పోరా అనుకున్నారు. ఇరవై రెండు నిమిషాలు.

ఆ ఇరవై రెండు నిమిషాల్లో మొదటి రేవు మాదయింది. రెండో రేవులో మల్లేశు కుడి తెడ్డు అన్నాడు. లోవరాజు కూడా కుడి తెడ్డే అన్నాడు. ఆశ్చర్యంతో ఇద్దరూ ఒక క్షణం ఆగారు. దానియేలు వెనక నుంచి "లాగండ్రా!" అని అరిచాడు. అర పడవ తేడాతో గట్టు తగిలింది.

ఆట అయ్యాక ఉప్పుకొట్టాం జట్టు పెద్ద లైనులోకి వచ్చాడు. "ఖాళీగా ఉందని తెలుసండి. కాళ్లు రాలేదు," అన్నాడు.

వాళ్ల ఊళ్లో మూడు వందల ఇళ్లు. బయటికి పోతాయి. ఇది కూడా రాసి ఉంచాలి.

చివరి స్థానాలు: తెప్పలపాడు ఎనిమిది. ఉప్పుకొట్టాం తొమ్మిది.

నమోదు 14. కార్తీకం, రెండో రోజు

లాగుడు పడవలు వచ్చి ఊరిని ఎనిమిదో లంగరుకి చేర్చాయి. మూడో గొలుసు గట్టిగానే పట్టింది.

బయటి ఊరి ముసలివాళ్లనీ, పసిపిల్లల తల్లుల్నీ తుపాను నెలల్లో లోపలి ఊళ్లు ఇళ్లలో పెట్టుకోవాలి. ఇది నియమం కాదు, ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. సఫియా పలక పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. మా ఇంటికీ వచ్చింది.

"ఇంట్లో ఎంతమంది బాబాయ్?" తెలిసీ అడిగింది. అందర్నీ అడిగినట్టే అడిగింది.

"ఒక్కణ్ణే."

"ఎంతమందిని పెట్టుకుంటారు?"

"ఒకరిని రాయి."

రాసుకుంది.

నమోదు 15. కార్తీకం, నాలుగో రోజు

ఉప్పుకొట్టాం నుంచి అప్పలనరసమ్మ గారని డెబ్బై ఏళ్లావిడ వచ్చింది. చంకలో గంప, గంపలో కోడి, కోడి కింద గుడ్లు.

"మా ఊరిని సముద్రంలోకి తోసింది నువ్వేనటగా?"

"నేను ఆడనండి. రాస్తాను, అంతే."

"రాసేవాళ్లే అసలు దొంగలు. వంటిల్లెటు?"

పొయ్యి చూపించాను. గిన్నెలన్నీ ఒకసారి చూసి, నా మొహం ఒకసారి చూసి, ఉప్పు ఎక్కడుందని అడిగింది. గంప మాత్రం ఎక్కడ పెట్టినా కోడి ఒప్పుకోలేదు. వంటింట్లో గోల చేసింది, వరండాలో గోల చేసింది. చివరికి తనే ఎగిరి హైమవతి ఆట కుర్చీ ఎక్కి కూర్చుంది.

"పొదుగు మీదుందయ్యా. చోటు కుదిరితే మరి ఇరవై ఒక్క రోజులు కదలదు," అంది అప్పలనరసమ్మ గారు. కుర్చీ వైపూ, దాని మీది తొడుగుల వైపూ చూసింది. గొంతు తగ్గించింది. "దించమంటావా?"

తొడుగులు తీసి బీరువాలో పెట్టాను. గుడ్లు ఒక్కొక్కటే తెచ్చి కోడి కింద సర్దాను. చెయ్యి పొడిచింది.

"ఉండనివ్వండి," అన్నాను.

ఇంట్లో: ఇద్దరం. కోడి ఒకటి. గుడ్లు తొమ్మిది.